దంచని ఆకు

యానాంలో ఫ్రెంచి జెండా దిగిన మరుసటి ఏడు మేము అక్కడి మెట్టకూరులో కాపురం పెట్టాం. మా ఆయన రాజారత్నంగారిని బడిలో పిల్లలకు ఇంగ్లీషు చెప్పడానికి వేశారు. పరాయి భాష పోయిందని ఊరంతా సంబరపడుతున్న రోజుల్లో ఆయన చంకలో గ్రామరు పుస్తకంతో దిగారు. ఒక పరాయి భాష పోయిన చోటికి ఇంకొకటి మోసుకొచ్చినందుకు ఆయన్ని ఎవరూ ఏమీ అనలేదు. యానాంవాళ్ళకు మర్యాద ఎక్కువ.

నేను విశాఖపట్నంలో కెమిస్ట్రీ ముఖ్యంగా తీసుకుని బి.ఎస్సీ. చదివాను. పెళ్ళయ్యాక ఆ చదువు పప్పులో ఉప్పు పాళ్ళు కుదర్చడానికి పనికొస్తుందని మా అత్తగారు ధైర్యం చెప్పారు. దానికీ పనికిరాలేదు.

మా పక్కిల్లు ఫిలోమినాది. ఆమె భర్త లూయిస్ గోదావరి దాటి ఎదుర్లంక రేవుకి వెళ్ళే పంటు మీద పనిచేసేవాడు. మాది కాకినాడ బాప్టిస్టు కుటుంబం, వాళ్ళు ఆర్సీఎం, అంటే రోమన్ కేథలిక్కులు. ఇద్దరికీ దేవుడు ఒక్కడే అయినా ఆయన దగ్గరికి వెళ్ళే దారుల మధ్య కంచె ఉండేది. మా రెండు పెరళ్ళ మధ్య కూడా ఒక కంచె ఉండేది. దాని నిండా జుముకి తీగ పాకి ఉండేది.

ఆ తీగ ఆకు నలిపితే కంపు. పువ్వు మాత్రం ఎవరో తీరిగ్గా కూర్చుని కుట్టినట్టు ఉంటుంది. చుట్టూ ఊదారంగు దారాలు, మధ్యలో అయిదు కేసరాలు, వాటిమీద మూడు కీలాలు. వీధిలో హిందువులు ఆ దారాలు కౌరవులనీ, కేసరాలు పాండవులనీ చెప్పేవారు. ఫిలోమినావాళ్ళకు దారాలు ముళ్ళకిరీటం, అయిదూ ప్రభువు గాయాలు, మూడూ మేకులు. మా బాప్టిస్టులకు పువ్వుల్లో ఏమీ కనపడకూడదు కనక నాకు కేసరాలే కనపడ్డాయి. మొగ్గ చుట్టూ జిగురు వెంట్రుకలతో అల్లిన వల ఒకటి ఉంటుంది. చీమలూ దోమలూ దానికి అంటుకుని అక్కడే ఎండిపోయి ఉండేవి. ఇంత అందమైన పువ్వు తన గుమ్మంలో శవాలు ఎందుకు పెట్టుకుందా అనుకునేదాన్ని.

ఆ తీగని తిని బతికే ఎర్రటి ముళ్ళపురుగులు నారింజరంగు సీతాకోకచిలుకలయ్యేవి. వాటికి ఎక్కడా కంగారు లేదు. గాలిలో నడిచి వెళ్తున్నట్టు ఎగిరేవి. చెయ్యి చాపితే తప్పుకునేవి కావు. మా పెరట్లో ఆరబెట్టిన ఎండుచేపల్ని ఎత్తుకుపోయే కాకులు వాటి పక్కనే కూర్చుని కూడా వాటివంక చూసేవి కావు. చీకటి పడేముందు అవన్నీ ఫిలోమినా ఇంటి దండెం మీదికి చేరేవి. దండెం మీద ప్రతి సాయంత్రం ఒక చిన్న గౌను ఆరేసి ఉండేది. అదీ నారింజరంగే. ఆ గౌను ఎప్పుడూ తడిసి ఉండేది కాదు. ఫిలోమినా చిన్నకూతురు జోసెఫిన్‌కి అది పొడుగు.

ఆ గౌను సంగతి పాలు పోసే చిట్టెమ్మ చెప్పింది. ఫిలోమినాకి తెరేసా అని పెద్దకూతురు ఉండేదట. రెండేళ్ళ కిందట మంచి శుక్రవారం, ప్రభువుని సిలువ వేసిన రోజు, సాయంత్రం చనిపోయింది. ఈస్టరు రోజు వేసుకోవాలని కుట్టించిన గౌను అది. ఆ పిల్లకు చలికాలం నుంచీ దగ్గు. లూయిస్ తల్లి నేర్పిన జుముకాకు కషాయం ఫిలోమినా కాచి ఇచ్చేదట. ఆ రోజు కూడా ఇచ్చింది. తాగిన గంటా రెండు గంటలకి పిల్ల ఆయాసపడి, ఒళ్ళు ఎర్రబడి, పోయింది. కోడలు ఆకు సరిగ్గా చూసుకోలేదని లూయిస్ తల్లి ఆ ఏడాదే కన్నుమూసేదాకా వీధికంతా చెప్పింది. లూయిస్ ఏమీ అనలేదట. అనకపోవడం ఎక్కువైందని చిట్టెమ్మ అభిప్రాయం. ఇక సీతాకోకచిలుకల మాట అడిగితే, అవెవరో అందరికీ తెలుసునని పాలచెంబు ఎత్తుకుని వెళ్ళిపోయింది.

నాకు దయ్యాలమీద నమ్మకం లేదు. అందుకని సాయంత్రం పూట ఆ దండెం వైపు తలుపు వేసుకునేదాన్ని.

నేను ప్రయోగం మొదలుపెట్టింది తెరేసా కోసం కాదు, కాకుల కోసం. కాకి ముట్టనిది లోకంలో ఉందంటే దానిలో ఏదో ఉండాలి. కాలేజీలో మాచేత లేత జొన్న మీద ఒక పరీక్ష చేయించారు. వానల్లేక గిడసబారిన జొన్న మేసి పశువులు ఎందుకు పడిపోతాయో అందులో తెలుస్తుంది. కాలిన గాయాలకు రాసే పచ్చమందు, పిక్రిక్ ఆమ్లం, మందుల కొట్లో దొరుకుతుంది. దానిలో చాకలి సోడా కలిపి, అద్దుడు కాగితం ముక్కలు ముంచి ఆరబెట్టాలి. నలిపిన ఆకుని గాజు గొట్టంలో వేసి, ఈ పచ్చకాగితాన్ని పైన వేలాడదీసి బిరడా బిగించాలి. ఆకులోంచి సైనైడు ఆవిరి వస్తే కాగితం ఇటుకరంగుకి తిరుగుతుంది. ఈ కాగితం కనిపెట్టింది ఒక ఫ్రెంచివాడే. వాళ్ళు యానాంలో వదిలి వెళ్ళినవాటిలో నాకు పనికొచ్చింది అదొక్కటే.

గాజు గొట్టాలు బడి నుంచి మా ఆయన తెచ్చిపెట్టారు. వంటింటి గూట్లో పోపుడబ్బాల పక్కన వాటిని నిలబెట్టాను. జుముకాకు కాగితాన్ని మధ్యాహ్నానికల్లా ఎర్రగా చేసింది. పచ్చికాయా అంతే. పండిన కాయ చెయ్యలేదు. పురుగు ఎర్రగా చేసింది. సీతాకోకచిలుక విషయంలోనే తడబడ్డాను. చంపకుండా గొట్టంలో పెట్టడం ఇష్టంలేక, రొమ్ము దగ్గర వేళ్ళతో గట్టిగా నొక్కాను. కాళ్ళు ముడుచుకుని పడిపోయింది. ఒంట్లోంచి పసుపుపచ్చటి బొట్టు ఒకటి ఊరింది. దాన్ని కాగితం మీద పడుకోబెట్టి చేతులు కడుక్కుని వచ్చేసరికి అది లేచి కూర్చుని ఉంది. రెక్కలు ఒకసారి తెరిచి మూసి, కిటికీలోంచి ఫిలోమినా పెరడు వైపు వెళ్ళిపోయింది. కాగితం మీద అది పడుకున్నచోట ఎర్రటి మరక మిగిలింది.

ఆ సీతాకోకచిలుకలు తోలులా గట్టివనీ, చచ్చినట్టు పడి ఉండడం వాటి గుణమనీ నేను అర్థం చేసుకోగలను. అర్థం చేసుకున్నాక కూడా ఆ కిటికీ వేసేశాను.

కిటికీ అవతల ఫిలోమినా ఉంది. ఎంతసేపటి నుంచి చూస్తోందో తెలియదు. అప్పటిదాకా మేము ఉప్పూ చింతపండూ బదులు ఇచ్చుకోవడమే గాని మాట్లాడుకున్నది తక్కువ. ఆ రోజు మా వంటింట్లోకి వచ్చి, గూట్లో ఎర్రబడిన కాగితాలన్నీ చూసి, అవేమిటని అడిగింది. చెప్పాను. ఆకులో విషం ఉందన్న మాట దాటవేద్దామని చూశాను గాని, నా మొహం అబద్ధాలకు అనువైనది కాదు.

"అయితే నా బిడ్డని ఈ ఆకే చంపిందాండీ?" అంది.

ఆ ప్రశ్న రెండేళ్ళుగా ఎవరినీ అడగలేక ఉంచుకున్నదని తెలుస్తూనే ఉంది. ఆమెకు ఇంకో బాధ కూడా ఉంది. జోసెఫిన్‌కి అక్క దగ్గే వచ్చింది. కషాయం ఇద్దామంటే భయం, ఇవ్వకుండా రాత్రంతా ఆ దగ్గు వింటూ కూర్చుందామంటే అంతకంటే భయం.

పచ్చి ఆకు వేరు, కషాయం వేరు అన్నాను. కషాయం ఎలా కాస్తారో చెప్పమన్నాను. ఆమె అత్తగారు నేర్పిన పద్ధతి చెప్పింది. ఆకు రోట్లో మెత్తగా దంచాలి. ఆ ముద్దని చేటలో పరిచి, ఎండ పెరట్లోంచి దాటేదాకా వదిలేయాలి. తర్వాత మూత లేకుండా మరిగించి వడపోయాలి. ఆ పద్ధతిలోనే నేను కాచాను. ఒకటికి రెండుసార్లు కాచాను. కాగితం పచ్చగానే ఉండిపోయింది. దంచడంతో విషం బయటపడి, ఎండకీ గాలికీ ఎగిరిపోతుంది. చదువులేని ముసలావిడ ఎవరో ఏనాడో కనిపెట్టిన పద్ధతి, తప్పుపట్టడానికి లేదు.

కంచె దగ్గరికి వెళ్ళి కాగితం చూపించాను. "మీ కషాయంలో ఏమీ లేదు వదినగారూ. బిడ్డ దగ్గుతోనే పోయింది" అన్నాను.

ఫిలోమినా ఆ కాగితాన్ని చాలాసేపు పట్టుకుంది. ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు. వెళ్ళి స్నానం చేసి, తల దువ్వుకుని, వారం రోజులుగా సరిగ్గా వెలగని పొయ్యి వెలిగించి, చేపల పులుసు వండి మాకు కూడా పంపింది. ఆ సాయంత్రం దండెం మీద గౌను లేదు. సీతాకోకచిలుకలు వచ్చాయి, ఖాళీ దండేనికే వేలాడి పడుకున్నాయి. మా ఆయన పులుసు రెండోసారి వేసుకుంటూ, నీ డిగ్రీ ఇన్నాళ్ళకి అన్నం పెట్టిందన్నారు. నాకూ గర్వంగానే ఉంది. తలుపు తీసే ఉంచాను.

జోసెఫిన్‌కి కషాయం మొదలైంది. దగ్గు నెమ్మదించింది కూడా. ఫిలోమినా ఇంట్లోంచి పొద్దున్నే రోకలి చప్పుడు వినపడేది. ఆ చప్పుడు వింటే నాకు ఏదో పరీక్ష పాసైనట్టుండేది.

ఈస్టరుకి ముందటి నలభై తపస్సు రోజులు గడిచి మంచి శుక్రవారం వచ్చింది. మా చర్చిలో మధ్యాహ్నం మూడు గంటలసేపు ఆరాధన ఉంటుంది. దానికి ముందు కాస్త పని చేసుకుందామని పొద్దున్నే పెరట్లో రోలు ముందు కూర్చున్నాను. ముందురోజు దంచి ఆరబెట్టిన జుముకాకు ముద్ద చేటలో ఉంది. కొత్త ఆకు దంచి దాని పక్కన పెట్టి చూద్దామని నా ఆలోచన. నాలుగు పోట్లు వేశానో లేదో ఫిలోమినా కంచె చుట్టూ తిరిగి వచ్చి నా పక్కన నిలబడింది. నల్లచీర కట్టుకుంది. రాత్రి నుంచీ మంచినీళ్ళు కూడా తాగనట్టు పెదవులు ఎండి ఉన్నాయి.

"ఏమీ అనుకోకండి వదినగారండీ. ఇయ్యాల రోకలెత్తకండి" అంది.

ఎందుకని అడిగాను. చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పింది. మంచి శుక్రవారం వాళ్ళ ఇళ్ళల్లో దంచరట. మేకు కొట్టరు, కట్టెలు కొట్టరు. గుళ్ళో గంట కూడా మోగదు, చెక్క గిలక తిప్పుతారు. ఆ రోజు ఎక్కడ దెబ్బపడినా ప్రభువు చేతుల్లోని మేకు మీద పడినట్టేనట.

రోకలి పక్కన పెట్టేశాను. మా ఇంట్లో మంచి శుక్రవారం నాడు మా అమ్మ శుభ్రంగా కారం దంచుకునేదని చెప్పబోయి మానేశాను. మాట మార్చడానికి, మరి జోసెఫిన్‌కి ఈ పూట కషాయం లేనట్టేనా అని అడిగాను.

"లేకేమండి, పొయ్యిమీదుంది. ఇయ్యాల మటుక్కి ఆకు ఆకుగానే మరిగే నీళ్ళలో ఏసేత్తాం. తెరేసాకీ ఆయేళ అలాగే కాసిచ్చేను."

ఇది ఆమె మామూలుగా అన్నది. నేను రోలు ముందు నుంచి లేచాను.

నాకు తెలిసిన కెమిస్ట్రీ ఇంత. జుముకాకులో విషం విషంగా ఉండదు. చక్కెరలో చుట్టిన పొట్లంలా ఉంటుంది. ఆ పొట్లం విప్పే సరుకు అదే ఆకులో ఇంకో అరలో ఉంటుంది. దంచితే రెండూ కలుస్తాయి, పొట్లం విడుతుంది, విషం గాలిలోకి పోతుంది. ఆకుని నలపకుండా మరిగే నీళ్ళలో పడేస్తే ఆ విప్పే సరుకు ఉడికి చచ్చిపోతుంది. పొట్లాలు పొట్లాలుగానే నీళ్ళలోకి దిగుతాయి. వాసన ఉండదు. నా కాగితం కూడా పచ్చగానే ఉంటుంది. కాని మనిషి పేగుల్లో ఆ పొట్లం విప్పే సూక్ష్మజీవులు వేరే ఉన్నాయి.

పరుగెత్తితే ఫిలోమినాకి తెలిసిపోతుందని నడిచే వెళ్ళాను. ఆమె నా వెనకే వచ్చింది. వంటింట్లో జోసెఫిన్ పీటమీద కూర్చుని ఉంది. కషాయం దించి ఉంది, గిన్నెమీద మూత ఉంది. మూత తీసి, అయ్యో ఈగ పడిందని, గిన్నె పట్టుకెళ్ళి పెరట్లో ఒంపేశాను. అడుగున కొంచెం మిగుల్చుకున్నాను.

"మూతెట్టే ఉంది కదండీ" అంది ఫిలోమినా.

తీయగానే పడిందన్నాను. ఉడికే కషాయంలోకి కావాలని దిగే ఈగలు ఉంటాయేమో నాకు తెలియదు. జోసెఫిన్ దగ్గుకి ఇక కషాయం చాలదనీ, రేపు నేనే ఆస్పత్రికి తీసుకెళ్తాననీ చెప్పి, ఆ గిన్నెతో ఇంటికి వచ్చేశాను.

ఆరాధనకి మా ఆయన ఒక్కరే వెళ్ళారు. నేను మూడు గొట్టాలు పెట్టాను. ఒకదానిలో ఫిలోమినా కషాయం. ఒకదానిలో ముందురోజు దంచి ఆరబెట్టిన ముద్ద. మూడోదానిలో రెండూ కలిపి. ముద్దలో విషం ఎప్పుడో పోయింది, విప్పే సరుకు మాత్రం మిగిలి ఉంటుంది. మొదటి రెండు కాగితాలూ పచ్చగానే ఉన్నాయి. మూడోది నేను చూస్తుండగానే అంచు నుంచి రంగు మారడం మొదలుపెట్టింది.

ఆ కాగితం తెరేసాని ఏది చంపిందో చెప్పలేదు. ఆ రోజు ఎన్ని ఆకులు వేసిందో, పిల్ల ఎంత తాగిందో కాగితానికి తెలియదు. తెరేసా కూడా ఆ రోజు పెద్దవాళ్ళతోపాటు ఉపవాసం ఉంటానని మారాం చేసిందనీ, పొద్దుటి నుంచీ కడుపులో ఏమీ లేదనీ చిట్టెమ్మ చెప్పిన మాట నాకు అప్పుడు గుర్తుకొచ్చింది. కాగితానికి అదీ తెలియదు. తెలియకుండానే ఎర్రబడుతూ ఉంది.

ఎండ తగ్గాక వీధిలోంచి సిలువ మార్గం ఊరేగింపు వెళ్ళింది. పాటలు లేవు. గిలక చప్పుడు, కాళ్ళ చప్పుడు, అంతే. అది మలుపు తిరిగాక ఫిలోమినా నేరుగా మా వంటింట్లోకి వచ్చింది. మూడు గొట్టాలూ అలాగే ఉన్నాయి. దాచిపెట్టే టైము ఉండి కూడా నేను దాచలేదు. ఎందుకు దాచలేదో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను.

"ఈగ పడలేదని నాకు తెలుసండి" అంది.

కూర్చోమన్నాను. కూర్చోలేదు. చెప్పమంది. నేను చక్కెర పొట్లం అన్నాను, అరలన్నాను, పరిమాణాలన్నాను, ఖచ్చితంగా ఎవరూ చెప్పలేరన్నాను. కాలేజీలో ఇంత బాగా ఏనాడూ అప్పజెప్పలేదు. ఆమె అదంతా అవనిచ్చింది.

"దంచుంటే?" అంది.

ఎర్రబడిన కాగితం ఉన్న గొట్టాన్ని గూట్లో వెనక్కి జరిపాను.

"ప్రభువుకి నొప్పెడద్దని దంచలేదండి" అంది ఫిలోమినా. కాగితం వైపు చూడలేదు, నా వైపూ చూడలేదు. గోడమీద ఏమీ లేని చోటు చూస్తూ అంది.

పిల్లకి బాధ తెలిసి ఉండదని, నిద్రలోకి జారుకున్నట్టే ఉంటుందని చెప్పాను. పుస్తకాల్లో అలా రాసి లేదు. నాకు ఆ మాటే దొరికింది.

"నిద్రపోలేదండి. నా కొంగట్టుకుని, అమ్మా నన్నొదిలెయ్యకే అంది" అని, తలమీద కొంగు సవరించుకుని, జోసెఫిన్‌ని కాస్త మా ఇంట్లో ఉంచుకోమని చెప్పి వెళ్ళిపోయింది.

పిల్లకి పాలు కాచి ఇస్తున్నాను. అప్పుడు మొదలైంది రోకలి చప్పుడు. ఒక పోటు, ఆగి ఇంకో పోటు, తర్వాత ఆగకుండా. వీధిలో తలుపులు తెరుచుకున్నాయి. గుడి నుంచి తిరిగి వస్తున్నవాళ్ళు ఆమె ఇంటి ముందు ఆగిపోయారు. మంచి శుక్రవారం నాడు ఆర్సీఎం ఇంట్లో దంచుతున్న చప్పుడు వాళ్ళెవరూ పుట్టి బుద్ధెరిగి విని ఉండరు. పెద్దవాళ్ళు గబగబా సిలువ గుర్తు వేసుకున్నారు. లోపలికి వెళ్ళి ఆపమని ఎవరూ చెప్పలేదు. లూయిస్ పంటు దిగి వచ్చి, జనంలోంచి దారి చేసుకుని గుమ్మం దాకా వెళ్ళి, అక్కడే మెట్టుమీద కూలబడ్డాడు. అతనికి ఆ చప్పుడు అర్థమైందో లేదో నాకు తెలియదు. నా వైపు ఒకసారి చూశాడు. నేను లోపలికి వచ్చేశాను.

మా ఆయన బైబిలు బల్లమీద పెట్టి, ఏమిటా చప్పుడన్నారు. కషాయానికి ఆకు దంచుతోందన్నాను. ఈ రోజు దంచరు కదా అన్నారు. ఆయనకి కూడా తెలుసు. ఆ పొద్దుటిదాకా వీధిలో ఆ సంగతి తెలియనిది నాకొక్కదానికేనని అప్పుడు తెలిసింది. జోసెఫిన్ పాలగ్లాసు పట్టుకుని, ఒక్కొక్క పోటుకీ కళ్ళు ఆర్పుతూ కూర్చుంది. చీకటి కమ్మేదాకా ఆ చప్పుడు ఆగలేదు.

మర్నాడు పిల్లని ఆస్పత్రికి తీసుకెళ్ళాం. డాక్టరు ఛాతీ విని మందు ఇచ్చాడు. దగ్గు తగ్గింది, ఆ పిల్ల పెద్దదైంది, ఆమె సంగతి వేరే. ఆస్పత్రి నుంచి వచ్చి పిల్లని అప్పజెప్పడానికి ఫిలోమినా పెరట్లోకి వెళ్ళాను. ఆమె పడుకుని ఉంది. రోకలి రోట్లోనే నిలబెట్టి ఉంది. కంచెమీద జుముకి తీగ ఎక్కడా ఒక్క ఆకు తెగకుండా అలాగే ఉంది. రోట్లోకి తొంగి చూశాను. ఆకు లేదు, ఈనె లేదు, తడి కూడా లేదు. రోలు అడుగున మాత్రం తెల్లటి రాతిపిండి గుప్పెడు చేరి ఉంది.